లాయరుగారు పోయాక హైకోర్టులో అమ్మ అప్పీలు కొట్టేశారు, మళ్లీ తెరిపించుకోవచ్చా?

టిన్‌ఫ్యాక్టరీ ట్రాఫిక్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. నాన్న ఉద్యోగం వల్ల చాలా ఏళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. నాన్న పోయాక రామమూర్తినగర్‌లో అమ్మ పేరు మీదున్న 30×40 అడుగుల సైటు అమ్ముదామని 2005లో ఒకాయనతో అగ్రిమెంటు రాసుకున్నాం. గడువు దాటినా ఆయన మిగతా డబ్బు తేలేదు, అమ్మ ఇక అమ్మనంది. 2008లో ఆయన సిటీ సివిల్ కోర్టులో దావా వేశాడు. 2016లో ఆయనకే డిక్రీ వచ్చింది. మిగతా డబ్బు కోర్టులో కట్టేశాడు. మేం హైకోర్టులో ఆర్.ఎఫ్.ఏ. (రెగ్యులర్ ఫస్ట్ అప్పీల్) వేస్తే అడ్మిట్ అయింది, స్టే కూడా వచ్చింది.

మా లాయరుగారు పెద్దాయన. ఎప్పుడు ఫోన్ చేసినా "ఫైనల్ హియరింగ్‌కి వచ్చినప్పుడు చెప్తానమ్మా, మీరు రానక్కర్లేదు" అనేవారు. 2023 వేసవిలో ఆయన కాలం చేశారు. ఆఫీసుకు తాళం పడింది. జూనియర్ అబ్బాయిని అడిగితే "ఫైళ్లు సార్ వాళ్లింట్లో ఉన్నాయి మేడమ్, చూసి చెప్తా" అన్నాడు. తర్వాత వేరే ఆఫీసులో చేరిపోయాడు.

మొన్న అక్టోబరు మొదటివారంలో కోర్టు మనిషి వచ్చి అమ్మకు నోటీసు ఇచ్చాడు. కన్నడలో ఉంది. దానితోపాటు ఒక డ్రాఫ్ట్ సేల్ డీడ్. మా సైటు నాలుగు హద్దులూ అందులో టైపు చేసి ఉన్నాయి. అమ్మకు అభ్యంతరాలుంటే ఫలానా తేదీకి చెప్పుకోవాలట, లేకపోతే అమ్మ తరఫున కోర్టే సంతకం పెట్టి రిజిస్టర్ చేయిస్తుందట. హైకోర్టులో స్టే ఉండగా ఇదేమిటని ఫోన్లో కేసు స్టేటస్ చూస్తే, 2023 డిసెంబరులోనే 'డిస్మిస్డ్ ఫర్ నాన్ ప్రాసిక్యూషన్' (మా తరఫున ఎవరూ నడపనందుకు కొట్టేశారు) అని ఉంది. అంటే పది నెలల క్రితం.

కేసు విననేలేదు, మా తప్పొప్పులు చూడనేలేదు. మళ్లీ తెరిపించుకునే దారి ఉందా? అమ్మకు 68 ఏళ్లు, నోటీసు వచ్చినప్పటి నుంచి రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఒకటే టెన్షన్.

---

పీలేరు బాబాయ్

కంగారుపడకమ్మా. మీకు తెలిసిన రోజు నుంచి 30 రోజులు టైముంటుంది. కావాలంటే కొత్తగా ఇంకో అప్పీలు వేసేయండి, లేదా నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లండి. మా తోడల్లుడి కేసులో అలాగే చేశారు.

---

సివిల్ జూనియర్

బాబాయ్, ఆ 'తెలిసిన రోజు' లెక్క వేరే సందర్భంలోది. ఎక్స్‌పార్టీ డిక్రీ (ఒక పక్షం రాకుండానే ఇచ్చిన డిక్రీ) రద్దు చేయించుకునేటప్పుడు, సమన్లు సరిగా అందకపోయి ఉంటే, తెలిసిన రోజు నుంచి 30 రోజులు లెక్కేస్తారు. అది లిమిటేషన్ చట్టంలో (కేసుల గడువుల చట్టం) 123వ ఆర్టికల్. డిఫాల్ట్ కింద, అంటే ఎవరూ హాజరు కానందుకు, పోయిన అప్పీలుకు వర్తించేది 122. అందులో కొట్టేసిన తేదీ నుంచే 30 రోజులు. కాబట్టి మేడమ్‌గారి గడువు జనవరిలోనే దాటిపోయింది.

కొత్త అప్పీలు కూడా కుదరదు. 2016 డిక్రీ మీద హైకోర్టుకు రావడానికి ఉన్న 90 రోజులు ఎప్పుడో అయిపోయాయి. డిఫాల్ట్ కింద కొట్టేసిన ఉత్తర్వు అసలు డిక్రీయే కాదని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 2(2) సెక్షన్‌లోనే ఉంది, అందుకని డిక్రీ మీద వేసినట్టు దానిమీద అప్పీలు వేయలేం.

దారి అదే సీపీసీలో ఆర్డర్ 41 రూల్ 19. వాయిదాకు రాలేకపోవడానికి తగిన కారణం చూపిస్తే అదే కోర్టు అప్పీలును మళ్లీ ఫైలులోకి తీసుకోవాలి. ఖర్చులు కట్టమనో మరొకటో షరతు పెట్టొచ్చు. గడువు దాటింది కాబట్టి జాప్యం మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఇంకో అర్జీ కూడా జతచేయాలి. అప్పీలుదారు రాకపోతే కేసు మెరిట్స్ (అసలు తప్పొప్పులు) మీద తేల్చకూడదని రూల్ 17 కింద వివరణ ఉంది. అందుకే మీ వాదనలు ఇంకా బతికే ఉన్నాయి.

---

పాత గుమాస్తా

అమ్మా, పైన ఆ అబ్బాయి రాసిన సెక్షన్లు సరైనవే. నేను లాయర్ని కాదు, లాయర్ల దగ్గర గుమాస్తాగా చేసి మానుకున్నవాణ్ణి. మాది పుంగనూరు. అట్టార కచేరి (బెంగళూరు హైకోర్టు భవనం) ఫైలింగ్ కౌంటర్ దగ్గర నిలబడే నాకు జుట్టు నెరిసింది. ఇలా పోయిన అప్పీళ్లు తిరిగి రావడం చూశాను, రాకపోవడమూ చూశాను. తేడా ఎక్కువసార్లు అఫిడవిట్లోనే ఉంటుంది.

మీవాళ్లు వేయాల్సిన అర్జీలు రెండు. వాటికి కోర్టు అడిగే ప్రశ్నలూ రెండు. డిసెంబరులో ఆ రోజు మీ తరఫున ఎవరూ ఎందుకు నిలబడలేదు? ఇది రూల్ 19 ప్రశ్న. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎందుకు రాలేదు? ఇది సెక్షన్ 5 ప్రశ్న. చాలామంది ఒకే అఫిడవిట్ టైపు కొట్టించి, పైన హెడ్డింగ్ మార్చి రెండింటికీ తగిలిస్తారు. అప్పుడు మొదటి ప్రశ్నకు సగం జవాబు, రెండోదానికి సగం జవాబు ఉంటుంది. అవతలి లాయరు ఆ సందులోనే దూరతాడు.

మొదటిదానికి మీ జవాబు బలంగానే ఉంది. లాయరుగారు చనిపోతే ఆయన వకాల్తా అక్కడితో ముగిసిపోతుంది, అది ఆర్డర్ 3 రూల్ 4లో ఉంది. అంటే ఆ వాయిదా నాటికి కోర్టులో అమ్మగారికి లాయరే లేరు. ఉన్న లాయరు ఎగ్గొట్టడం వేరు, లేని లాయరు రాకపోవడం వేరు. దీనికి కాగితం కావాలి. ఆయన ఇంటివాళ్లను అడిగి డెత్ సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చుకోండి. పరామర్శకు వెళ్లినట్టు వెళ్లండి, ఫైలు కోసం దబాయించినట్టు కాదు. ఫైలు కూడా అక్కడే దొరకొచ్చు. కొత్త వకాల్తాకు పాత లాయరు నో అబ్జెక్షన్ కావాలని ఎవరైనా అంటే, ఈ సర్టిఫికెట్టే దానికి జవాబు.

చిక్కంతా రెండోదానిలో ఉంది. లాయరుగారు పోయిన సంగతి మీకు 2023 వేసవిలోనే తెలుసు. "తెలిసి కూడా ఇంకో లాయర్ని ఎందుకు పెట్టుకోలేదు?" అని జడ్జిగారు తప్పకుండా అడుగుతారు. ఇక్కడే కొందరు తెలివైన సలహా ఇస్తారు, "ఆయన పోయిన సంగతి ఇప్పుడే తెలిసిందని రాసేయండి" అని. రాయకండి. ఆ జూనియర్ అబ్బాయికి మీరు పెట్టిన మెసేజ్‌లు ఫోన్లో ఉంటాయి, ఆయన ఫోన్లోనూ ఉంటాయి. రేపు అవతలివాళ్లు ఆయన చేత ఒక ముక్క రాయించుకొస్తే, అబద్ధం ఒక్క వాక్యమే అయినా నిజాలు కూడా దానితోపాటు కొట్టుకుపోతాయి.

జరిగింది జరిగినట్టే రాయించండి. ఫలానా నెలలో లాయరుగారు పోయారు, ఫలానా తేదీన జూనియర్‌ను అడిగాం, ఆయన ఇలా అన్నాడు, స్టే ఉంది కాబట్టి ప్రమాదం లేదనుకున్నాం, ఫైనల్ హియరింగ్‌కి పిలుస్తారని పెద్దాయన చెప్పిన మాట మీద ఉన్నాం, ఫలానా తేదీన నోటీసు వచ్చింది. ప్రతి తేదీ పక్కన దానికి సంబంధించిన కాగితం పెట్టండి. "జాప్యం ఉద్దేశపూర్వకం కాదు" అనే వాక్యం అందరి అఫిడవిట్లలోనూ ఉంటుంది, దానికి పైసా విలువ లేదు. తేదీలకే విలువ. ప్రతి రోజుకూ సంజాయిషీ చెప్పాలన్న మాటను మరీ చాదస్తంగా పట్టుకోకూడదని 1987లో కాటిజీ కేసులో సుప్రీంకోర్టు అంది. అయినా నెలలకు నెలలు ఖాళీగా వదిలేస్తే ఆ తీర్పు కూడా కాపాడదు.

ఇంకోమాట. హైకోర్టు ఆర్డర్ షీట్ మొత్తానికి నకలుకు అర్జీ పెట్టండి, చివరి పేజీ ఒక్కటే కాదు. గతంలో వాయిదాలు ఎవరు అడిగారో అందులో ఉంటుంది. అవతలివాళ్లు అడిగినవి ఎక్కువ ఉంటే మీకు మేలు. మీవైపు నుంచే పదేపదే అడిగి ఉంటే దానికీ జవాబు సిద్ధం చేసుకోవాలి. అయితే నకలు వచ్చేదాకా పిటిషన్ ఆపకండి. అప్పీలుకైతే నకలు కోసం పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు, ఈ అర్జీకి ఆ సౌకర్యం లేదు. వెబ్‌సైట్లో పడిన ఉత్తర్వు ప్రింటు తీసి వేసేయండి, నకలు తర్వాత జతచేయొచ్చు.

చివరగా ఒకటి అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పండి. ఆయన కోర్టులో కట్టిన మిగతా డబ్బు అమ్మగారు తీసుకున్నారా?

---

టిన్‌ఫ్యాక్టరీ ట్రాఫిక్

సార్, చాలా థ్యాంక్స్. డబ్బు తీసుకోలేదు, కోర్టులోనే ఉంది. పోయిన వారం మాకు తెలిసినాయన ఒకరు "ఎలాగూ కేసు పోయింది, ఆ డబ్బన్నా డ్రా చేసుకోండి" అన్నారు. అమ్మ కూడా కొంచెం మెత్తబడింది. అది ఎందుకడిగారు?

జూనియర్ అబ్బాయితో వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి. 2023 జులైలో ఒకటి, సెప్టెంబరులో రెండు. సెప్టెంబరులో ఆయన "కేసు లిస్టులో లేదు మేడమ్, వస్తే చెప్తాను" అని రాశాడు. ఆ తర్వాత అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, ఫిజియోథెరపీతో మార్చి దాకా మా ఇల్లే ఆసుపత్రిలా ఉంది. డిశ్చార్జ్ సమ్మరీ ఉంది.

ఇంకో డౌటు. అప్పీలు మళ్లీ తెరిస్తే పాత స్టే దానంతటదే వచ్చేస్తుందా? ఈలోపు సిటీ సివిల్ కోర్టులో ఏం చెప్పాలి?

---

పాత గుమాస్తా

అందుకే అడిగాను. ఆ డబ్బు ముట్టుకోవద్దు. డిక్రీ తప్పని ఒక చేత్తో అప్పీలు నడుపుతూ, అదే డిక్రీ కింద కట్టిన సొమ్ము ఇంకో చేత్తో తీసుకుంటే, అవతలి లాయరు మొట్టమొదట ఎత్తే మాట అదే. "అమ్మకానికి ఒప్పుకున్నారు కాబట్టే డబ్బు తీసుకున్నారు" అంటాడు. కొత్త లాయరుగారు చూసి చెప్పేదాకా అది అక్కడే ఉండనివ్వండి.

సెప్టెంబరు మెసేజ్ మీకు బంగారం. "లిస్టులో లేదు, వస్తే చెప్తాను" అని కోర్టు తెలిసిన మనిషే రాశాడు. మీరు నమ్మారు, నమ్మడంలో తప్పు లేదు. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అది లాయరుగారు చూసుకుంటారు. ఫోన్ మాత్రం మార్చకండి, ఆ చాట్ డిలీట్ చేయకండి. డిశ్చార్జ్ సమ్మరీ కూడా పెట్టండి, కానీ దానితో ఎంత కాలం కవరవుతుందో అంతకే వాడండి. మార్చి దాకా ఆపరేషన్ అన్నారు, సరే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏం చేశారో కూడా రాయాలి. స్టే ఉందన్న ధైర్యం, జూనియర్ మాట, ఇంటికి ఏ నోటీసూ రాకపోవడం. అదే నిజమైతే అదే రాయండి. ఆ ఆరు నెలలకు కొత్త జబ్బు పుట్టించకండి.

స్టే సంగతి. అప్పీలు పోయినప్పుడే స్టే కూడా పోయింది. తెరిచినంత మాత్రాన పాతది లేచి కూర్చుంటుందని మనసులో పెట్టుకోకండి, అది కోర్టు ఉత్తర్వులో ఏం రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకని రెండు అర్జీలతోపాటు మూడోదిగా స్టే కోసం కూడా వేయించండి. అర్జెన్సీ ఎందుకో చెప్పడానికి ఆ డ్రాఫ్ట్ సేల్ డీడ్, నోటీసు జతచేయండి. నోటీసు కన్నడలో ఉందన్నారు కాబట్టి ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టించండి.

సిటీ సివిల్ కోర్టులో ఆ తేదీకి తప్పకుండా ఎవరో ఒకరు హాజరు కావాలి. డ్రాఫ్ట్ డీడ్ మీద అభ్యంతరాలు రాతపూర్వకంగా వేయాలి, అది ఆర్డర్ 21 రూల్ 34 కింద వచ్చిన నోటీసు. హద్దులు, కొలతలు, మొత్తం డిక్రీతో సరిపోతున్నాయో లేదో ఒక్కో అక్షరం చూడండి. ఒకసారి తూర్పు పడమరలు తారుమారైన డ్రాఫ్ట్ నా చేతిలోనే పడింది, దాన్ని సరిచేయడానికి మూడు వాయిదాలు పట్టాయి. హైకోర్టులో పిటిషన్ వేశామని మెమో కూడా పెట్టండి. కానీ పిటిషన్ వేసినంత మాత్రాన అమలు ఆగదు. ఆపే ఉత్తర్వు హైకోర్టు నుంచే రావాలి.

---

మైలాపూర్ మామ

చెన్నై నుంచి. మా దగ్గర ఆర్.ఎఫ్.ఏ.ని ఎ.ఎస్. అంటారు, పేరే తేడా, రూలు ఒకటే. నేను పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగిని. మా బ్యాంకు ఇలాంటి కేసుల్లో ఎక్కువగా అవతలి పక్షం, కాబట్టి అటువైపు నుంచి ఎలా కొడతారో చెప్తాను.

లాయరు తప్పుకు క్లయింటు బలి కాకూడదని అందరూ 1981 నాటి రఫీక్ వర్సెస్ మున్షీలాల్ తీర్పు పట్టుకొస్తారు. మంచి తీర్పే. అందులో అప్పీలుదారు లాయర్ని నమ్మి ఊళ్లో ఉన్న మనిషి. మేం వెంటనే 1993 నాటి సలిల్ దత్తా తీర్పు చూపించేవాళ్లం. అక్కడ క్లయింటు నగరంలోనే ఉన్న ప్రైవేటు కంపెనీ. ఏమీ తెలియని పల్లెటూరి మనిషితో దాన్ని పోల్చలేమని, రఫీక్ తీర్పు అన్ని కేసులకూ గుడ్డిగా వర్తించదని సుప్రీంకోర్టు అంది. కాబట్టి మీ అవతలివాళ్లు చెప్పబోయేది ఇదే. "కూతురు చదువుకున్నది, ఫోన్లో కేసు స్టేటస్ చూసుకోగలదు, పది నెలలు ఎందుకు చూడలేదు?" దీనికి ఇప్పటి నుంచే జవాబు ఆలోచించుకోండి. పార్టీ మీరు కాదు, అమ్మగారు. ఆ తేడా అఫిడవిట్లో స్పష్టంగా కనిపించాలి.

ఇది చదివేవాళ్లలో 2020, 2021ల్లో కొట్టేసిన అప్పీళ్లున్నవాళ్లు ఉంటే ఒక మాట. 15.3.2020 నుంచి 28.2.2022 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉంది. అది చూసుకోకుండా జాప్యం ఎక్కువ రోజులుగా లెక్కేసి వేసినవాళ్లను చూశాను. ఈ మేడమ్‌గారి కేసుకు అది పనికిరాదు.

---

సివిల్ జూనియర్

మామగారు చెప్పింది ఒప్పుకుంటా. అవతలివాళ్లు కౌంటర్ వేసినా, షరతు కింద కొంత ఖర్చు కట్టించి అప్పీలు తెరిచే కోర్టులు ఉన్నాయి. ఖర్చు ఎక్కువేశారని బేరమాడటం కంటే చెప్పిన గడువులోపు కట్టి రసీదు వేయడం మంచిది. ఆ గడువు దాటితే తెరిచిన తలుపు మళ్లీ మూసుకుంటుంది.

కింది కోర్టులో అప్పీళ్లున్నవాళ్ల కోసం ఇంకోటి. జిల్లా కోర్టు గానీ సీనియర్ సివిల్ జడ్జి గానీ రూల్ 19 అర్జీ కొట్టేస్తే, దాని మీద హైకోర్టుకు అప్పీలు ఉంది, ఆర్డర్ 43 రూల్ 1(టి). హైకోర్టే కాదంటే ఆ దారి ఉండదు. అందుకే మేడమ్‌గారికి ఈ మొదటి అఫిడవిట్ అంత ముఖ్యం.

లాయరు ఫీజు సమస్య అయితే, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీలో అమ్మగారి పేరు మీద అర్జీ పెట్టుకోవచ్చు.

---

టిన్‌ఫ్యాక్టరీ ట్రాఫిక్

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. కొత్త లాయరుగారిని కలిశాం, శుక్రవారం అఫిడవిట్ సిద్ధమవుతుందన్నారు. లాయరుగారి ఇంటికి కూడా వెళ్లాం. వాళ్ల అబ్బాయి ఫైలు, డెత్ సర్టిఫికెట్ రెండూ ఇచ్చాడు. ఫైల్లో ఆయన చేతిరాతతో వాదనల పాయింట్లు రాసుకున్న నాలుగు పేజీలున్నాయి. ఫైనల్ హియరింగ్‌కి నిజంగానే సిద్ధమవుతున్నారు పాపం.

ఒకటే అడగాలి. అఫిడవిట్ ఇంగ్లీషులో ఉంటుంది కదా. అమ్మకు ఇంగ్లీషు రాదు, కన్నడ మాట్లాడుతుందే గానీ చదవలేదు, సంతకం తెలుగులో చేస్తుంది. ఆమె బదులు నేను అఫిడవిట్ ఇవ్వొచ్చా? ఆమె కోర్టుకు రావాలా, కర్రతో నడుస్తోంది.

---

పాత గుమాస్తా

అమ్మగారి చేతే ఇప్పించండి. మీరిస్తే మైలాపూర్ ఆయన చెప్పిన ప్రశ్నకు మీరే తలుపు తీసినట్టు అవుతుంది. తుంటి విరిగింది ఆమెకు, లాయరుగారి మాట మీద ఉన్నది ఆమె. మీరు జూనియర్‌తో మాట్లాడిన భాగం వరకు మీ పేరుతో చిన్న అఫిడవిట్ విడిగా వేయండి.

సంతకం తెలుగులోనే చేయొచ్చు. అఫిడవిట్ చివర "ఇందులోని విషయాలు నాకు తెలుగులో చదివి వివరించారు, సరైనవని అర్థం చేసుకుని సంతకం చేశాను" అనే అర్థంతో ఒక వాక్యం ఇంగ్లీషులో ఉండాలి. వివరించినవాళ్లు కూడా కింద సంతకం పెడితే ఇంకా మంచిది. అది ఉత్తుత్తి వాక్యం కాకుండా చూడండి. నిజంగానే కూర్చోబెట్టి పేరా పేరా చదివి వినిపించండి. పెద్దవాళ్లు వింటూ వింటూ "అది అప్పుడు కాదే, వినాయక చవితి తర్వాత కదా" అంటారు. మీరు మర్చిపోయిన తేదీ అలా బయటపడుతుంది. నోటరీ దగ్గర సంతకం చేస్తే చాలు, దానికోసం ఆమె కోర్టు మెట్లెక్కాల్సిన పని లేదు. ఆధార్ ఒరిజినల్ మాత్రం వెంట ఉండాలి.

ఫైల్ చేసేటప్పుడు ఇండెక్స్ పేజీ నంబర్లు, ప్రతి పేజీ మీద సంతకం, వకాల్తా మీద స్టాంపులు, మీ పేరు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉందో లేదో, ఇవి గుమాస్తాను పక్కన పెట్టుకుని సరిచూడండి. 2016 ఆర్.ఎఫ్.ఏ.లో అమ్మగారి పేరు ఎలా రాశారో అదే స్పెల్లింగ్ ఉండాలి, ఆధార్‌లో వేరేగా ఉంటే రెండూ ఒకరేనని ఒక లైను రాయించండి. లేకపోతే ఆఫీస్ అబ్జెక్షన్ పడుతుంది, సరిచేసి తెచ్చేసరికి ఇంకో పది రోజులు పోతాయి. సిటీ సివిల్ కోర్టు వాయిదా తేదీ ఎప్పుడో రాయలేదు మీరు. అది దగ్గర్లో ఉంటే, నంబరు పడిన వెంటనే బెంచి ముందు మెన్షన్ చేసి అర్జెంటుగా లిస్టు చేయించమని లాయరుగారికి ఇవాళే చెప్పండి.